పూర్తి రేటుకు ఒక పొద్దున

బేగంబజార్‌లో స్టీలు, ఇత్తడి సామాన్ల హోల్‌సేల్ దుకాణం నడిపే గుండయ్యకు ఈ భూమ్మీద గిట్టనిది ఒకటే ఒకటి, ఎదుటివాడు చెప్పిన రేటు. ఎవరైనా రేటు చెప్పారంటే అది మాటలు మొదలుపెట్టడానికి చెప్పారని ఆయన లెక్క. కూరగాయల దగ్గర, బట్టల దగ్గర అంటే సరే, మనిషన్నాక బేరమాడతాడు. ఈయన ఆస్పత్రిలో కూడా ఆడాడు. కొడుకు పుట్టాడని నర్సమ్మ నవ్వుతూ వచ్చి చెబితే, "మస్తు సంతోషం తల్లీ, బిల్లుల ఏమన్న తగ్గుతదా?" అన్నాడట. ఆ మాట లోపల మంచం మీదున్న విమలాదేవి చెవిన పడింది. కొడుకు వరుణ్‌కు ఇప్పుడు మీసాలొచ్చాయి, కాలేజీకి పోతున్నాడు గానీ, ఆమె ఆ మాట మర్చిపోలేదు. మర్చిపోయే మాటా అది!

ఇది ఆ విమలాదేవి కథ. గుండయ్య కథే అయితే బజారులో ఎవరినడిగినా చెబుతారు, నేను చెప్పక్కర్లేదు.

ఉప్పుగూడలో స్టేషను వైపు వాళ్ల ఇల్లు. ఇంకా చీకటి ఉండగానే ఆ ఇంటి వంటగదిలో పొయ్యి వెలుగుతుంది. ముందు చాయ్, తర్వాత టిఫిన్, ఆ తర్వాత మధ్యాహ్నానికి వంట. ఆ వంట ఇంట్లో నలుగురికే కాదు, దుకాణంలో పనిచేసే ఇద్దరు గుమాస్తాలకు కూడా. "హోటల్లకు పోసే పైసలేవో నీకే ఇస్త గద!" అని పెళ్లైన కొత్తలో గుండయ్య అన్నాడు. ఇచ్చిన గుర్తు ఆమెకైతే లేదు.

పోనీ, ఊళ్లకు పోయినప్పుడైనా తెరిపి ఉందా అంటే అదీ లేదు. యాత్రకు బయల్దేరితే ముందు పొయ్యి ఎక్కేది, తర్వాత మనుషులు ఎక్కేవాళ్లు. శ్రీశైలంలో సత్రం వరండాలో ఉప్మా కలిపింది. భద్రాచలంలో గోదారి గాలికి మంట ఆరిపోతుంటే చీర కొంగు అడ్డం పెట్టి పప్పుచారు కాచింది. యాదగిరిగుట్టలో అయితే దర్శనం క్యూలో నిలబడి కూడా, కుక్కరు ఎన్ని కూతలు పెట్టిందోనని ఆలోచించింది. దేవుళ్లు మారారు గానీ గరిటె మారలేదు.

ఆమెకు ఒక ఆశ ఉండేది. నగలు కాదు, పట్టుచీర కాదు. ఒక్క పొద్దున నిద్రలేచి పొయ్యి మొహం చూడకుండా, ఎవరో చేసిన టిఫిన్ కూర్చుని తినాలి. ఎవరో పెట్టిన చాయ్ వేడి వేడిగా తాగాలి. తన చాయ్ తను వేడిగా తాగి ఎన్నేళ్లయిందో ఆమెకే తెలియదు. పొయ్యి మీద పోపు మాడుతుంటేనో, ఎవరో పిలిస్తేనో, గ్లాసు పక్కన పెడుతుంది, మళ్లీ చేతిలోకి తీసుకునేసరికి పైన మీగడ కడుతుంది.

ఈ సంగతి కూతురు స్రవ్యకు ఒక్కదానికే చెప్పింది, అదీ ఒకరోజు నవ్వుతూ. స్రవ్య మాదాపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది. ఆ పిల్ల నవ్వలేదు. ఫోను తీసి గబగబా వెతికి, ఔటర్ రింగ్ రోడ్డు అవతల మయూరలోకం అని కొత్తగా కట్టిన పార్కు చూపించింది. అందులో నీళ్ల ఆటలు, గుండె జారే ఆటలు, మధ్యలో పెద్ద రిసార్టు. నలుగురి ప్యాకేజీ తీసుకుంటే ఒక రాత్రి గది, రెండు రోజులు పార్కు, తెల్లారి కావలసినంత టిఫిన్.

"కావలసినంతనా?" అంది విమలాదేవి.

"నువ్వు కూసుంటవ్ అమ్మా. ఇడ్లీ, దోశ, పూరీ, అన్నీ వరుసగ పెడతరు. చాయ్ ఎన్నిసార్లయిన తాగొచ్చు."

ఆ రాత్రి అన్నం తినేటప్పుడు విమలాదేవి భర్తతో, "పిల్లలు ఏందో పార్కుకు పోదామంటున్నరు," అంది. తన ఆశను పిల్లల నెత్తిన పెట్టింది. ఆడవాళ్లు అంతే, తమకు కావలసినది తమ పేరు మీద అడగరు. అడగకపోతే ఇంట్లో ఎవరికీ తెలియదని మాత్రం బాధపడతారు.

పెళ్లిళ్ల సీజను బాగా నడిచి గుండయ్య మంచి హుషారులో ఉన్నాడు. "పోదాం తీ! పిల్లలు మళ్ల మళ్ల అడుగుతరా?" అనేశాడు. స్రవ్య అక్కడికక్కడే ఫోనులో పేర్లు, వయసులు అన్నీ నింపి, డబ్బు కట్టే మెట్టు దాకా వచ్చి, "బాపూ, ఇగ కట్టాలె," అంది.

గుండయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏందే బిడ్డా, సరుకు సూడకుండ పైసలు కడతరా ఎవలన్న? మనిషి ముంగటికి పోయి మాట్లాడితే ఎంత తగ్గుతదో నీకేమెరుక! ఫోన్‌తోని బేరమెట్ల జేస్తవ్?"

స్రవ్య ఫోను మూసేసింది. ఆ ఇంట్లో ఆ విషయం మీద వాదన పెట్టుకున్నవాళ్లు ఎవరూ గెలవలేదు.

బయల్దేరే రోజు విమలాదేవి మామూలుకంటే ముందే లేచింది. ఎందుకంటే దారి ఖర్చు తగ్గించడానికి పులిహోర, చపాతీలు, ఆలుగడ్డ కూర, సకినాలు కట్టుకోవాలని గుండయ్య ఆర్డరు వేశాడు. పొయ్యి లేని పొద్దున కోసం పొయ్యి దగ్గర ఇంకో గంట ఎక్కువ నిలబడింది. పోనీలే, రేపటి మాట కదా ముఖ్యం అనుకుంది. అలా అనుకుంటూ డబ్బా మూత పెడుతుంటే, గుండయ్య దుకాణం నుంచి తెచ్చిన చిన్న కరెంటు పొయ్యి చంకలో పెట్టుకుని వచ్చాడు.

"ఇది గూడ పెట్టు. గదిల కరెంటుకు పైసలడగరు. రేపు పొద్దుగాల నువ్వు ఇంత ఉప్మా కలిపితే అయిపాయె. టిఫిన్ వద్దంటే వాళ్లు ప్యాకేజీల తగ్గియ్యాలె గద!"

ఆమె ఆ పొయ్యిని అందుకుంది. ఆయన చెప్పులేసుకోవడానికి అటు తిరగ్గానే, ఆ పొయ్యిని పట్టుకుపోయి బియ్యం డబ్బా వెనక పెట్టి, పైన గోనెసంచి కప్పేసింది. ఇన్నేళ్ల కాపురంలో భర్త దగ్గర ఆమె దాచిన మొదటి వస్తువు అదే.

తారిక్ వ్యాను తీసుకొచ్చి వాకిట్లో ఆపాడు. బహదూర్‌పురాలో ఉండే తారిక్ చాలాకాలంగా గుండయ్య దుకాణం నుంచి పెళ్లిళ్లకు గిన్నెలు చేరవేస్తాడు. సామాను లేని రోజు సీట్లు బిగిస్తే అది మనుషుల వ్యాను. "ఆయియే అక్కా, ఇయ్యాల గిన్నెలు గాదు, మీరే నా లోడు," అని తలుపు తీశాడు. దారి పొడుగునా గుండయ్య కొడుక్కి బేరం పాఠాలు చెబుతూనే ఉన్నాడు. పొద్దున్నే పోతే బోణీ బేరమట. బోణీ గిరాకీని ఏ వ్యాపారీ వదలడట.

మయూరలోకం రిసార్టు లోపల నేల తళతళ మెరిసిపోతోంది. ఏసీ చల్లగా మొహానికి తగిలింది. కౌంటరు దగ్గర ఫరీహా అనే అమ్మాయి తలకు స్కార్ఫు చుట్టుకుని, నవ్వుమొహంతో నిలబడి ఉంది. నలుగురి ప్యాకేజీ పద్దెనిమిది వేలు అని చెప్పింది.

గుండయ్య రెండు మోచేతులు కౌంటరు మీద ఆనించాడు. విమలాదేవికి ఆ భంగిమ తెలుసు.

"బిడ్డా, బోణీ బేరం. మంచిగ జెప్పు."

"బోణీ రాత్రే అయిపోయింది అంకుల్. ఆన్‌లైన్‌ల రాత్రంత బుక్ చేస్తనే ఉంటరు."

గుండయ్య ఒక్క క్షణం తడబడ్డాడు. నిద్రపోతున్నప్పుడు బోణీ అయ్యే వ్యాపారం ఆయన చూడలేదు. అయినా తేరుకున్నాడు. "సరే, నలుగురం వచ్చినం. కొసరు ఏమిస్తవ్? మా దగ్గర డజను గ్లాసులు కొంటే చెంచా ఊకెనే ఇస్తం."

"కొసరు ఉండదు అంకుల్."

"గట్లయితే టిఫిన్ తీసెయ్యి. మేం తినం. తినని దానికి పైసలెందుకు?"

విమలాదేవి చేతిలో సంచి బిగుసుకుంది. స్రవ్య తల్లి మొహంలోకి చూసింది. వద్దనమ్మా, వద్దను, అని ఆ పిల్ల కళ్లతోనే బతిమాలుతోంది. విమలాదేవి నోరు తెరిచింది, మళ్లీ మూసింది. పరాయి పిల్ల ముందు మొగుణ్ని కాదనడం ఆమెకు అలవాటు లేదు.

"టిఫిన్ ప్యాకేజీల కలిసే ఉంటది అంకుల్, తీసేసుడు ఉండదు," అంది ఫరీహా. విమలాదేవి ఊపిరి పీల్చుకుంది. ఆ పిల్లకు మనసులోనే వెయ్యి దీవెనలు పెట్టింది.

కానీ గుండయ్య ఊపిరి పీల్చుకోలేదు. వెనక్కి ఒక అడుగు వేసి, "పాండ్రి!" అన్నాడు.

పాండ్రి అంటే పదండి అనే, కానీ ఆయన నోట దాని అర్థం ఏమిటో చెప్పాలి. బేగంబజార్‌లో బేరం చివర ఒక నడక ఉంటుంది. గిరాకీ రేటు నచ్చలేదని లేచి పోతాడు. గబగబా కాదు, మెల్లగా. వెనక్కి చూడకూడదు, చూశాడా, చచ్చాడన్నమాటే. నాలుగడుగులు పడగానే దుకాణదారు "ఓ సేటూ, రా రా, నీ మాటే కానీ!" అని పిలుస్తాడు. పిలవాలి. అది అక్కడి మర్యాద. ఈ నడకను గుండయ్య కుటుంబం మొత్తానికి నేర్పాడు. పిల్లలు మొహాలు మాడ్చుకోవాలి. విమలాదేవికి ఒక మాట కూడా అప్పజెప్పాడు. గుమ్మం దగ్గరకు రాగానే లోపలికి వినబడేలా, "మొన్న చార్‌కమాన్‌ల ఇంతకంటె మంచిది సూసినం గద!" అనాలి. పెళ్లైన నాటి నుంచి చీరల దుకాణాల్లో, గాజుల దుకాణాల్లో ఆ మాట అంటూనే ఉంది.

నలుగురూ నడిచారు. అద్దాల తలుపు దగ్గరకొచ్చారు. గుండయ్య ఆమె వైపు ఓరగా చూశాడు. అను, అన్నట్టు కనుబొమ్మలెగరేశాడు.

ఆమె అనలేదు.

అద్దాల తలుపు దానంతట అదే తెరుచుకుని, వాళ్లు దాటగానే దానంతట అదే మూసుకుంది. ఎవరూ పిలవలేదు. గుండయ్య చెప్పులో రాయి పడ్డట్టు ఆగి, విదిలించి, మళ్లీ వేసుకున్నాడు. పిలవలేదు. పూలకుండీ దగ్గర ఆగి పూలు చూశాడు. ఆయన జన్మలో పూలు చూసిన మనిషి కాదు. అయినా పిలవలేదు. వ్యాను దగ్గరకొచ్చేసరికి తారిక్ బీడీ పారేసి, "క్యా హువా సేఠ్?" అన్నాడు.

"పిలుస్తరు. బండి స్టార్ట్ చెయ్యి, ఇనబడాలె."

తారిక్‌కు ఇది కొత్త కాదు. బండి స్టార్ట్ చేసి, యాక్సిలరేటరు రెండుసార్లు గట్టిగా తొక్కాడు. గేటు దగ్గర వాచ్‌మన్‌కు వినబడింది. ఆయన మర్యాదస్తుడు, పరుగున పోయి గేటు బార్లా తెరిచి సలాం కొట్టాడు.

వరుణ్ నవ్వాపుకోలేక దగ్గాడు. గుండయ్య మొహం కందగడ్డయింది. "ఏం ఫికర్ లేదు. పోదాం పాండ్రి. జూపార్క్‌ల తిరిగి, పులిహోర తిని, పొద్దుగూకేటాలకు ఇంట్ల వడదాం. గిదొక్కటే ఉన్నదా పార్కు లోకంల!" అన్నాడు. అందరినీ ఎక్కించి తను ముందు సీట్లో కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడు స్రవ్య ఫోను టింగుమంది. ఆ పిల్ల చూసి, కళ్లు పెద్దవి చేసి, ఫోను తల్లి ఒళ్లో పెట్టింది. ఇంట్లో అన్నం దగ్గర స్రవ్య సగంలో వదిలేసిన బుకింగు ఉంది కదా, దాని గురించి మయూరలోకం వాళ్లు పంపారు. మీ గది మీకోసం చూస్తోంది, అరగంటలోపు డబ్బు కడితే నాలుగు వేలు తగ్గిస్తాం అని.

"అమ్మా, బాపు అన్నట్టే పిలిచిన్రు. కాకుంటే ఫోన్‌ల," అంది స్రవ్య గుసగుసగా. "చెప్పనా?"

చెబితే అయిపోయేది. గుండయ్య ఎగిరి గంతేసేవాడు. రేపు బజారులో కనబడ్డవాడికల్లా చెప్పేవాడు. నడిచిపోయిన, నాలుగు వేలు కొట్టిన అని. విమలాదేవి ఆ ఫోను వంక చూసింది. ముందు సీట్లో భర్త తలను వెనక నుంచి చూసింది. ఆ తల ఆమె కోసం ఎప్పుడైనా వెనక్కి తిరిగిందా? చీర కొన్నా, గాజులు కొన్నా, ఆయన తగ్గించిన రూపాయలే తప్ప ఆమెకు పెట్టిన రూపాయి ఎప్పుడైనా ఆయన నోట వినబడిందా? ఎక్కడి నుంచి వచ్చిందో గానీ కోపం కడుపులోంచి తన్నుకొచ్చింది.

"ఆగు. ఇప్పుడే చెప్పకు," అని కూతురితో అని, వ్యాను తలుపు జరిపి కిందికి దిగేసింది.

"ఏందే, ఏమైంది?" గుండయ్య కూడా దిగాడు.

"నేను రాను."

"రాకుంటే ఈడ ఏం జేస్తవ్?"

"ఇగో, ఇంటరా జెర? పార్కుకు పోదామన్నది పిల్లలు గాదు, నేను. నాకు నీళ్లాటలు వద్దు, ఏమొద్దు. రేపు పొద్దుగాల లేచి పొయ్యి ముట్టియ్యొద్దు. ఎవలన్న చేసి పెడితె కూసోని తినాలె. గంతే. ఒక్క పొద్దు."

గుండయ్య అయోమయంగా చూశాడు. "టిఫిన్ కోసమానే ఇంత లొల్లి? రేపు మన గల్లీ చివర బండి మీది నుంచి ఇడ్లీలు తెప్పిస్త. నలుగురికీ నూటయాభైల అయిపోతది."

"మళ్ల తగ్గించిన్రు!" ఆమె గొంతు పెరిగింది. తారిక్ బండి ఆపేశాడు. వాచ్‌మన్ తెరిచిన గేటు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "సరుకుల రేటు తగ్గించుకోండ్రి, నేనేమన్న అన్ననా? నా ఆశకు గూడ రేటు తగ్గిస్తరా? నేను ఏమడిగినా మీరు సగం జేసి ఇచ్చిన్రు. ఒక్కసారన్న నేనడిగింది అడిగినట్టు ఇచ్చిన్రా?"

"మరి ఇన్నేండ్ల సంది చెప్పవైతివి?"

"చెప్తె ఎంతకయితదని అడుగుతరు!"

గుండయ్య సరిగ్గా ఆ మాటే అడగబోయాడు. చివరికి, "పొయ్యి తెచ్చినం గద..." అని గొణిగాడు.

"తేలే. బియ్యం డబ్బా ఎనక దాచిపెట్టొచ్చిన."

ఎప్పుడూ ఏమీ దాచని మనిషి పొయ్యి దాచిందంటే, అది ఎంత పెద్ద మాటో ఆయనకు అప్పుడు ఎక్కింది. ఆమె చేతుల వైపు చూశాడు. పొద్దున అంటిన పసుపు, పోపు చిట్లి పడ్డ చుక్కలు. ఆ చేతుల వంట తను తింటున్నాడు, గుమాస్తాలు తింటున్నారు. ఎవరూ ఒక్కరోజు ఆ చేతులకు సెలవిచ్చిన పాపాన పోలేదు.

తర్వాత గుండయ్య తల తిప్పి అద్దాల తలుపు వైపు చూశాడు. బేరం వదిలొచ్చాక వెనక్కి చూడటం ఆయనకు అదే మొదలు. చూడటమే కాదు, నడిచాడు. ఎవరూ పిలవకుండా, మెల్లగా కాదు, గబగబా నడిచాడు. తారిక్ "యా అల్లా!" అన్నాడు. వెనక ముగ్గురూ పరుగులాంటి నడకతో అందుకున్నారు.

ఫరీహా కౌంటరు దగ్గర నవ్వింది. "నేను పిలుద్దామనే అనుకున్న అంకుల్. మా అమ్మీ గూడ మదీనా దగ్గర దుకాణాలల్ల గిట్లనే లేచి పోతది. కానీ రేటు నా చేతిల లేదు, పిలిచి ఏమియ్యాలె?"

"ఏమియ్యొద్దు బిడ్డా," అన్నాడు గుండయ్య. జేబులోంచి నోట్లు తీశాడు. "నువ్వు చెప్పిన రేటే. టిఫిన్ తోని. టిఫిన్ మంచిగుండాలె, మా ఇంటామె తింటది."

స్రవ్య తల్లి మోచెయ్యి గిల్లింది. "అమ్మా, ఇంక టైమున్నది. ఇప్పుడు చెప్పు. నాలుగు వేలే!"

చెప్పాలనే అనుకుంది విమలాదేవి. ఆయన నోట చెప్పిన రేటే ఇస్తానన్న మాట వినగానే చెప్పేద్దామనే వచ్చింది. వ్యాపారి ఇల్లాలు, నాలుగు వేల విలువ తెలియదా ఆమెకు! కానీ ఆయన నోట్లు కౌంటరు మీద పెడుతున్నాడు. ఒక్క నోటు కూడా వేళ్ల మధ్య ఆపుకోవడం లేదు. ఇప్పుడు ఫోను చూపిస్తే మళ్లీ ఇదంతా ఆయన బేరమైపోతుంది. నడిచిన, పిలిచిన్రు, కొట్టిన. మా ఇంటామె తింటది అన్న మాట ఆ సంబరంలో ఎక్కడో కొట్టుకుపోతుంది. ఆమె కూతురి చేతిలోని ఫోను మీద తన చెయ్యి వేసి, మెల్లగా నొక్కి పట్టుకుంది. స్రవ్య ఆమె మొహం చూసి ఇంక గిల్లలేదు.

ఆ రోజు ఎలా గడిచిందో చెబితే ఇంకో కథవుతుంది. పులిహోర లోపలికి రానివ్వరంటే పార్కింగులోనే తారిక్‌తో కలిసి కూర్చుని తిన్నారు. పైసా వసూలు కావాలని గుండయ్య ఏ ఆటనూ వదల్లేదు. గిర్రున తిప్పే కుర్చీలో "ఆపుండ్రి! సగం రేటుకే దింపుండ్రి!" అని అరిచాడు. విమలాదేవి ఆటలు వద్దన్న మనిషి, అలలొచ్చే కొలనులో మోకాళ్ల దాకా దిగి, చిన్నపిల్లలా కేకలు పెట్టి, చీర మొత్తం తడుపుకుంది. వరుణ్ ఫొటోలు తీశాడు. ఏ ఫొటోలోనూ ఆమె నోరు మూసి లేదు.

మర్నాడు ఆమెకు అలవాటు ప్రకారం చీకటితోనే మెలకువ వచ్చింది. కాళ్లు వాటంతట అవే కిందికి దిగాయి. అంతలో గుర్తొచ్చింది, ఇక్కడ పొయ్యి లేదు. మళ్లీ పడుకుని దుప్పటి మెడదాకా లాక్కుంది. పక్కన గుండయ్య గురక పెడుతున్నాడు. ఆ గురక కూడా ఆమెకు ఆ పూట బాగానే ఉంది.

టిఫిన్ హాల్లో కిటికీ పక్కన కుర్చీ చూసుకుని కూర్చుంది. లేవనంది. వరుణ్ దోశ తెచ్చిపెట్టాడు, స్రవ్య పూరీ తెచ్చిపెట్టింది. తెల్లచొక్కా కుర్రాడు చాయ్ పోసి వెళ్లాడు. పొగలు వస్తున్నాయి. ఆమె ఊదుకుంటూ, చివరి గుటక దాకా వేడిగానే తాగింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చాయ్ వేడికని అనుకోకండి, సంతోషానికే తిరిగాయి. రెండోసారి కూడా పోయించుకుంది. పిల్లలు ఇంకేమున్నాయో చూడటానికి అటు వెళ్లారు. గుండయ్య ప్లేటు నిండా ఇడ్లీలు పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఇగో, ఒక మాట చెప్త. కోపం జెయ్యొద్దు," అంది.

"చెప్పు."

"నిన్న మీరు బండి ఎక్కినంక, స్రవ్య ఫోన్‌ల వీళ్లు పిలిచిన్రు. నాలుగు వేలు తగ్గిస్తమన్నరు. అరగంట టైమిచ్చిన్రు."

గుండయ్య నోట్లో ఇడ్లీ నోట్లోనే ఆగింది. మొదట ఆయన కళ్లు వెలిగాయి. "పిలిచిన్రా! నేనన్లేదా, పిలుస్తరని!" తర్వాత ఆ వెలుగు ఆరిపోయింది. "మరి నాకెందుకు చెప్పలే? నాలుగు వేలు విమలా!"

"చెప్తె మీరు నాలుగు వేల కోసం ఎనకకు వచ్చేటోళ్లు," అంది ఆమె. "నా కోసం వచ్చేటోళ్లు కాదు."

గుండయ్య ఇడ్లీ మింగాడు. చట్నీని వేలితో అటూ ఇటూ రాశాడు. నాలుగు వేలు అని పెదాలతో ఒకసారి, శబ్దం లేకుండా అనుకున్నాడు. నాలుగు వేలంటే ఎన్ని డజన్ల గ్లాసుల మీద లాభమో ఆ తలలో లెక్క తిరుగుతోందని ఆమెకు కనబడుతూనే ఉంది. ఆమె కాస్త భయపడింది కూడా. ఇంత మంచి పొద్దున ఇప్పుడు లొల్లి పెడతాడేమో అనుకుంది.

ఆయన తలెత్తి, "ఎన్ని చాయ్‌లు తాగినవ్?" అన్నాడు.

"రెండు."

గుండయ్య లేచాడు. దుకాణంలో తప్ప ఇంకెక్కడా ఎవరికీ ఏదీ అందించని మనిషి, తనే వెళ్లి, పంచె ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, ఇంకో చేత్తో కప్పు ఒలకకుండా పట్టుకుని వచ్చాడు. ఆమె ముందు పెట్టాడు.

"ఇంకోటి తాగు. రేటు జెర దిగుతది."

ఆమె పకపకా నవ్వింది. పక్క టేబులు వాళ్లు తిరిగి చూశారు. కప్పు తీసుకుని ఒక గుటక తాగి, "చక్కెర తక్కువున్నది," అంది.

గుండయ్య మళ్లీ లేచాడు.